నాయకుడు ముందు ఎవరి మనిషి? బియ్యం, వీసాలు, బెంగళూర మామిడికాయల లెక్క

గ్రూప్-1 ఇంటర్వ్యూకు తయారవుతున్న ఒకరు అడిగిన ప్రశ్న ఇది: "నాయకుడు ప్రపంచ పౌరుడిలా ఆలోచించాలా, దేశ ప్రయోజనమే చూడాలా? తిరుపతిలో మాక్ ఇంటర్వ్యూలో 'రెండింటినీ సమతూకంలో ఉంచాలి' అన్నాను. బోర్డులో ఒకాయన నవ్వి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయారు. ట్రంప్ అమెరికా ఫస్ట్ అంటే తప్పంటాం, మన ప్రభుత్వం బియ్యం ఎగుమతి ఆపితే ఒప్పంటాం. ఏమని చెప్పాలి సార్?"

ఆ నవ్వినాయన నేను కాదు కానీ, నేనున్నా నవ్వేవాణ్నే. తిరుపతిలో డిగ్రీ పిల్లలకు రాజనీతిశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఇలాంటి బోర్డుల్లో ఇప్పటికీ పిలిస్తే కూర్చుంటాను. "సమతూకం" అన్నవాళ్లను "ఏ విషయంలో, ఎవరి ఖర్చుతో?" అని అడిగితే చాలామంది దగ్గర రెండో వాక్యం ఉండదు. నాయకుడి టేబుల్ మీదికి వచ్చే ఫైలులో సమతూకం అనే గడి ఉండదు. ఎగుమతి ఆపాలా వద్దా, లారీ వదలాలా వద్దా, సంతకం పెట్టాలా వద్దా అనే ఉంటుంది.

నా జవాబు ముందే చెప్పేస్తాను. ఎన్నికైన నాయకుడు ప్రపంచ పౌరుడిగా ఉండాలని నేను ఆశించను. ఆయనకు ఓటేసింది ఇక్కడి జనం, దించేదీ వాళ్లే. తనవాళ్లను ముందు పెట్టుకోవడం ఆ ఉద్యోగంలో భాగం. అది ఒప్పుకున్నాక నేను మూడు విషయాలు చూస్తాను. బయటివాళ్లకు తగిలే దెబ్బను లెక్కలో వేశాడా? ముందుగా చెప్పాడా? ఇచ్చిన మాట మీద ఉన్నాడా? ఈ మూడింటితో చూస్తే ట్రంప్‌నూ మన ఢిల్లీనీ మన జిల్లా యంత్రాంగాన్నీ ఒకే కొలతతో కొలవొచ్చు.

ఈ విషయంలో ట్రంప్ చెప్పిన ఒక మాట నిజాయితీగానే ఉంది. 2017లో ఐక్యరాజ్యసమితిలో మాట్లాడుతూ, నేను అమెరికాను ముందు పెడతాను, మీరూ మీ దేశాలను అలాగే ముందు పెట్టుకోవాలి అన్నారు. ఒబామా 2008లో బెర్లిన్‌లో తనను అమెరికా పౌరుడిగానూ సాటి ప్రపంచ పౌరుడిగానూ చెప్పుకున్నారు. అప్పటికి ఆయన ఇంకా అభ్యర్థే, ఫైళ్ల మీద సంతకాలు పెట్టే పని మొదలవలేదు. 2016లో బ్రిటన్ ప్రధాని థెరిసా మే మరో కొసకు పోయి, ప్రపంచ పౌరులమనుకునేవాళ్లు ఎక్కడి పౌరులూ కారు అన్నారు. 2023 జీ20కి మనం పెట్టుకున్న నినాదం వసుధైవ కుటుంబకం. ఈ మాటలన్నీ ఇంటర్వ్యూలో అప్పజెప్పడానికి పనికొస్తాయి, అంతకు మించి వీటితో తేలేదేమీ లేదు.

ఇక బియ్యం సంగతి. 2023 జూలై 20న కేంద్రం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించింది. వానలు సరిగా లేవు, ఎల్ నినో భయం ఉంది, దేశంలో బియ్యం ధర పెరుగుతోంది, ముందు ఎన్నికలున్నాయి. ఇవన్నీ నిజమైన కారణాలే. కానీ ప్రపంచ బియ్యం వ్యాపారంలో మన వాటా దాదాపు 40 శాతం. అంత పెద్ద దుకాణం ఒక రాత్రిలో షట్టర్ దించితే ఏమవుతుంది? అంతర్జాతీయ ధర పదిహేనేళ్ల గరిష్ఠానికి పోయింది. దిగుమతి బియ్యం మీద బతికే ఆఫ్రికా దేశాలకు అది మామూలు దెబ్బ కాదు. అంతకు ముందు ఏడాది సెప్టెంబర్‌లోనే నూకల ఎగుమతి ఆపేశాం. నూకలు మనకు కోళ్ల దాణా, సెనెగల్ లాంటి చోట్ల అది రోజూ తినే కూడు.

మన టీవీల్లో మాత్రం వచ్చింది డల్లాస్ వార్త. సోనామసూరి బస్తాల కోసం తెలుగువాళ్లు ఇండియన్ స్టోర్ల ముందు క్యూలు కట్టారు, కొన్నిచోట్ల కుటుంబానికి ఒక బస్తానే అన్నారు. తిరుపతిలో పిల్లల్ని అమెరికాలో పెట్టుకున్న ప్రతి ఇంట్లో ఆ వారం అదే టెన్షన్. సెనెగల్ గురించి ఒక్కరూ మాట్లాడలేదు. తప్పుపట్టడం లేదు, మనుషులం అలాగే ఉంటాం.

ఆ నిషేధం "దేశ ప్రయోజనం" అన్నారు కదా, ఏ దేశ ప్రయోజనం? చెన్నైలోనో తిరుపతిలోనో కిలో లెక్కన కొనేవాడికి లాభం. నాయుడుపేట, సూళ్లూరుపేట వైపు వరి పండించేవాడికి నష్టం, ఎందుకంటే బయట మంచి ధర ఉన్న ఏడాదే ఆయన సరుకును ఇంటికి కట్టేశారు. ఇద్దరూ ఈ దేశస్థులే. నాయకుడు దేశ ప్రయోజనం అన్నప్పుడల్లా దేశంలోపలే ఎవరో ఒకరు ఆ బిల్లు కడుతుంటారు, వాళ్ల పేరు మాత్రం ప్రకటనలో ఉండదు. ఇంటర్వ్యూలో ఈ ఒక్క మాట చెప్పగలిగినా మీరు సగం మంది కన్నా ముందుంటారు.

అయితే ఆ నిర్ణయంలో ఒక మంచి భాగమూ ఉంది. ఆహారం కొరత ఉన్న దేశాలు ప్రభుత్వాల స్థాయిలో అడిగితే ఇస్తామన్నారు. భూటాన్, మారిషస్, సింగపూర్‌లకు కొంత వదిలారు. అంటే మొదటి పరీక్షలో సగం మార్కులు. రెండోదైన ముందస్తు హెచ్చరికలో సున్నా. కొన్నవాళ్లు ఏం చేస్తారు? వియత్నాం, థాయిలాండ్ గుమ్మం తొక్కుతారు. 2024 సెప్టెంబర్ చివర మనం మళ్లీ తలుపు తీసేనాటికి, ఇండియా ఎప్పుడు మూస్తుందో తెలియదు అనే అనుమానం కొనేవాళ్లలో పడిపోయింది. ఆ అనుమానం ఖరీదు రైతే కడతాడు.

దీని పక్కన 2025 సెప్టెంబర్ 19 పెట్టి చూడండి. ఆ శుక్రవారం అమెరికా అధ్యక్షుడు హెచ్-1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుమంటూ ప్రకటన మీద సంతకం పెట్టారు, ఆదివారం తెల్లవారకముందే అమల్లోకి వస్తుందన్నారు. సెలవు మీద ఊరొచ్చినవాళ్లు టికెట్లు మార్చుకుని పరుగెత్తారు, ఎక్కిన విమానం దిగినవాళ్లూ ఉన్నారు. మర్నాడు వివరణ వచ్చింది: కొత్త దరఖాస్తులకే, ఒక్కసారే, ఇప్పటికే వీసా ఉన్నవాళ్లకు కాదు అని. ఎంతోమంది తల్లిదండ్రులు ఆ రెండు రాత్రులు నిద్రపోలేదు.

అమెరికా తన ఉద్యోగాలను తన పిల్లలకు ఉంచుకోవాలనుకోవడాన్ని నేను తప్పు అనలేను. మన చిత్తూరు పిల్లల బాగు చూడమని వాషింగ్టన్‌లో ఎవరికీ ఎవరూ ఓటు వేయలేదు. నేను తప్పు పట్టేది ఆ ముప్పై ఆరు గంటల గడువును, వివరణను తర్వాత ఇచ్చిన పద్ధతిని. అదే నిర్ణయం ఆరు నెలల ముందు చెప్పి, కొత్తవాళ్లకే అని మొదటి వాక్యంలోనే రాసి ఉంటే అమెరికా ప్రయోజనం ఒక్క డాలరు కూడా తగ్గేది కాదు. చాలామంది నాయకులు కరుకుగా ఉండటాన్నే గట్టిగా ఉండటం అనుకుంటారు. ఆ కరుకుతనం వల్ల వాళ్ల దేశానికి అదనంగా వచ్చేదేమీ ఉండదు.

ఇప్పుడు మన ఇంటి సంగతి. 2025 జూన్‌లో చిత్తూరు జిల్లా యంత్రాంగం బయటి రాష్ట్రాల తోతాపురి మామిడికాయ జిల్లాలోకి రాకుండా ఆపింది. మనవాళ్లు బెంగళూర అనే కాయే అది. దిగుబడి విపరీతంగా వచ్చింది, పల్ప్ ఫ్యాక్టరీల్లో పోయిన ఏడాది గుజ్జే నిల్వ ఉంది, కాయ కొనే ర్యాంపుల్లో ధర పడిపోయింది. ప్రభుత్వం కిలో పన్నెండు రూపాయలు వచ్చేలా చూస్తామంది: ఫ్యాక్టరీ ఎనిమిది, ప్రభుత్వం నాలుగు. ఆ నాలుగు మన రైతు కోసం పెడుతున్నప్పుడు కోలారు కాయ వచ్చి ఫ్యాక్టరీ నింపేస్తే ఎలా అన్నది వాదన. కోలారు జిల్లా శ్రీనివాసపురం రైతులు ఏళ్లుగా మన ఫ్యాక్టరీలకే తోలుతున్నారు. వాళ్ల లారీలు బార్డర్‌లో నిలిచిపోయాయి. కర్ణాటక ముఖ్యమంత్రి మన ముఖ్యమంత్రికి లేఖ రాశారు. ఇలాగే ఉంటే వాళ్లవైపు నుంచి కూరగాయలూ ఇతర పంటలూ ఆగే ప్రమాదం ఉందని కూడా అందులో ఉంది.

పూతలపట్టు దగ్గర మా బావమరిదికి తోట ఉంది. ఆయన ఆ వారం భలే సంతోషించాడు. అదే మనిషి ఆగస్టులో ట్రంప్ యాభై శాతం సుంకం వేసినప్పుడు ఫోన్ చేసి, "ఇదేం న్యాయం బావా, మన రొయ్యల రైతు ఏం పాపం చేశాడు?" అన్నాడు. కోలారు రైతు ఏం పాపం చేశాడని అడిగితే, "అది వేరే" అన్నాడు. ఎందుకు వేరేనో మాత్రం చెప్పలేకపోయాడు. మీ ప్రశ్నలోని ఇబ్బందే మా ఇంట్లోనూ ఉందని చెప్పడానికి ఇది రాశాను.

నిజానికి ఒక తేడా ఉంది, అది బావమరిదికి అనుకూలమైంది కాదు. కోలారు, చిత్తూరు ఒకే రాజ్యాంగం కింద ఉన్నాయి. దేశమంతటా వర్తకం స్వేచ్ఛగా సాగాలని 301వ అధికరణం చెబుతుంది. గొడవ ముదిరితే కోర్టు ఉంది, కేంద్రం ఉంది. దేశాల మధ్య అలాంటి పెద్దమనిషి లేడు. ప్రపంచ వాణిజ్య సంస్థలో అప్పీళ్లు వినే విభాగం ఉండేది, సభ్యుల నియామకాన్ని అమెరికా అడ్డుకోవడంతో 2019 డిసెంబర్ నుంచి అది పడకేసింది. ప్రపంచ పౌరసత్వం గురించి మాట్లాడేవాళ్లు సాధారణంగా మనసు గురించి మాట్లాడతారు, అందరూ విశాలంగా ఆలోచించాలని. నాకు మనసు మీద నమ్మకం తక్కువ. అప్పీలు వినేవాడు ఉన్నాడా లేడా అన్నది ఎక్కువ ముఖ్యం.

మనవాళ్లు బాగా చేసిన పనీ ఉంది, దాన్ని మనమే మరిచిపోయాం. తెలుగుగంగ. మద్రాసు తాగునీటి కోసం మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా ఐదు టీఎంసీల కృష్ణా జలం ఇస్తామని 1976లో ఒప్పుకున్నాయి. అంటే పదిహేను టీఎంసీలు, దారిలో ఆవిరైపోయేది పోను సరిహద్దు దగ్గర పన్నెండు. 1983లో ఎన్టీఆర్, ఎంజీఆర్ ముఖ్యమంత్రులుగా ఉండగా ఒప్పందం కుదిరింది. గుక్కెడు నీళ్లకు అల్లాడే రాయలసీమ మీదుగా పక్క రాష్ట్రానికి నీళ్లు పంపాలి. మామూలుగా అయితే అక్కడే ప్రభుత్వం పడిపోవాలి. పడలేదు, ఎందుకంటే ఆ కాలువను మద్రాసుకు వేసిన పైపులా కట్టలేదు. వెలుగోడు, బ్రహ్మంసాగర్, సోమశిల, కండలేరు అంటూ దారిలో కర్నూలు, కడప, నెల్లూరు, చిత్తూరు జిల్లాల పొలాలను ఆ పథకంలోకి చేర్చారు. మద్రాసుకు ఇవ్వాల్సిన నీళ్లే సీమకు కాలువ రావడానికి కారణమయ్యాయి. 1996లో నీళ్లు తమిళనాడు చేరాయి. కండలేరు నుంచి సరిహద్దు జీరో పాయింట్ దాకా నూట యాభై కిలోమీటర్ల పైచిలుకు కాలువ శ్రీకాళహస్తి, సత్యవేడు వైపు నుంచే పోతుంది, బస్సులో పోతూ చాలామంది చూసే ఉంటారు.

అన్ని ఏళ్లూ పన్నెండు టీఎంసీలు పోయాయా అంటే, లేదు. కరువు వచ్చినప్పుడల్లా తగ్గింది, చెన్నై నుంచి ఫోన్లు, మనవైపు నుంచి సాకులు. అయినా ఒప్పందం చావలేదు. ఎన్టీఆర్‌ను ఎవరూ ప్రపంచ పౌరుడు అనరు. తెలుగువాడి ఆత్మగౌరవం అని ఓట్లు అడిగిన మనిషి. ఆ మనిషే పక్క భాషవాళ్లకు నీళ్లిచ్చే కాలువ తవ్వించారు, తన ఓటరు కూడా ఆ కాలువ ఒడ్డునే ఉండేలా చూసుకుని. నాయకత్వం మీద ఒక్క ఉదాహరణే చెప్పమంటే నేను దీన్నే చెబుతాను. రేపు సివిల్స్ ఇంటర్వ్యూకు పోయి ఉత్తరాది బోర్డు ఎదురైనా సరే, కాస్త విడమరిచి చెప్పండి.

దీనికి ఎదురు ఉదాహరణ టీకాలు. 2021 జనవరి 20న భూటాన్, మాల్దీవులకు మొదటి డోసులు పంపాం. ఏప్రిల్ నాటికి ఆరున్నర కోట్లకు పైగా డోసులు తొంభైకి పైగా దేశాలకు వెళ్లాయి. అప్పటికి సంపన్న దేశాలు తమ జనాభాకు కొన్ని రెట్లు ఆర్డర్లు పెట్టుకుని కూర్చున్నాయి, కెనడా అందులో ముందుంది. వాళ్లతో పోలిస్తే మనం తలెత్తుకునే పనే చేశాం. తర్వాత రెండో అల వచ్చింది. తిరుపతిలో ఆక్సిజన్ అందక రోగులు చనిపోయిన మే నెల అది. బయటికి పంపడం అప్పటికే ఆపేశారు. ఆ పరిస్థితిలో ఏ ప్రధానైనా ఆపేవారే, ఆపకపోతే నేనే వీధిలోకి వచ్చేవాణ్ని. కానీ దేశాలకు టీకాలు పంచే అంతర్జాతీయ పథకం కోవాక్స్ ద్వారా మన సీరం సంస్థ డోసుల మీదే ఆధారపడిన పేద దేశాలు నవంబర్ దాకా ఎదురుచూశాయి. మొదటి డోసు వేసుకుని రెండోది దొరకనివాళ్లు అక్కడ ఉన్నారు.

ఇచ్చినందుకు తప్పుపట్టేవాళ్లున్నారు, ఆపినందుకు తప్పుపట్టేవాళ్లున్నారు. నా దృష్టిలో రెండూ సరైనవే. తప్పు వాటికి ముందు జరిగింది: దేశంలో ఎంత కావాలో లెక్కగట్టి, ముందే డబ్బు కట్టి తయారీని పెంచకుండా మాట ఇచ్చారు. తాహతు చూసుకోని దాతృత్వం చివరికి ఇంట్లోవాళ్లనూ బయటివాళ్లనూ ఇద్దరినీ ముంచుతుంది.

తాహతు చూసుకుని ఇచ్చినదానికి ఉదాహరణ మన తిరుపతి జిల్లాలోనే ఉంది. 2014 జూన్‌లో శ్రీహరికోటకు వచ్చినప్పుడు ప్రధాని మోదీ, పొరుగు దేశాలకు ఉపయోగపడే ఉపగ్రహం తయారు చేయమని ఇస్రోను అడిగారు. పాకిస్థాన్ తప్పుకుంది. 2017 మే 5న జీశాట్-9 అక్కడి నుంచే ఎగిరింది. ఖర్చు మనది, పలుకుబడి కూడా మనదే. దీన్ని దానం అనాలా, దౌత్యం అనాలా అని పిల్లలు వాదించుకుంటుంటే నేను ఆపేవాణ్ని కాదు.

కొన్ని సమస్యలకు మాత్రం ఏ దేశమూ సొంత గోడ కట్టుకోలేదు. ఓజోన్ పొర అలాంటిది. ఆ పొరను పాడుచేసే వాయువులను మానిపించే 1987 మాంట్రియల్ ఒప్పందం మీద సంతకం చేసింది అమెరికాలో రేగన్ ప్రభుత్వం, పర్యావరణవాదులకు ఆయన ఇష్టుడేమీ కాదు. అమెరికా సెనేట్‌లో ఒక్క వ్యతిరేక ఓటు లేకుండా నెగ్గింది, ఎందుకంటే చర్మ క్యాన్సర్ల ఖర్చు లెక్కగట్టి చూస్తే ఒప్పందమే చౌక అని తేలింది. అప్పుడు మన దేశం ఏం చేసింది? వెంటనే చేరలేదు. పొరను పాడుచేసింది మీరు, ఫ్యాక్టరీలు మార్చుకోవడానికి మాకు డబ్బు ఎవరిస్తారు అని చైనాతో పాటు మొండికేసింది. 1990లో లండన్‌లో పేద దేశాల కోసం నిధి ఏర్పడ్డాక, 1992లో చేరింది. ఇది చదివినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది. మన స్వార్థం ఆ ఒప్పందాన్ని చెడగొట్టలేదు, పేద దేశాలన్నీ చేరగలిగేలా బాగుచేసింది. ఇవాళ శ్రీసిటీలో డైకిన్, బ్లూస్టార్ ఏసీలు తయారవుతున్నాయి, వాటిలో ఏ వాయువు నింపాలన్నది ఆ ఒప్పందం, దాని సవరణలే నడిపిస్తున్నాయి. సత్యవేడు వైపు నుంచి అక్కడికి షిఫ్టుకు పోయే కుర్రాడికి ఈ సంగతి తెలియాల్సిన పనిలేదు, ఇంటర్వ్యూకు పోయే మీకు తెలియాలి.

ఇక నాయకుడు తన జనం కన్నా ముందుకు నడిస్తే? 2015లో జర్మనీ చాన్సలర్ మెర్కెల్ శరణార్థులకు తలుపు తెరిచారు, ఆ ఏడాది దాదాపు తొమ్మిది లక్షల మంది వచ్చారు. 2013లో పార్లమెంటులోకి అడుగుపెట్టలేకపోయిన వలస వ్యతిరేక పార్టీ ఏఎఫ్‌డీ 2017లో 12.6 శాతం ఓట్లతో లోపలికి వచ్చింది, 2025లో 20.8 శాతం తెచ్చుకుంది. దానికి శరణార్థులు ఒక్కరే కారణం కాదు, నిజమే. కానీ ఏ ఊరి బడిలో ఎంతమంది పిల్లలు చేరతారో, ఇళ్లు ఎక్కడివో స్థానిక సంస్థలతో ముందే మాట్లాడుకోకపోవడం పెద్ద లోటు. మెర్కెల్ చేసింది మానవత్వమే అంటాను. అయితే దాని బరువు మోసినవాళ్లను ఆ నిర్ణయంలో అడగలేదు.

ఇంటర్వ్యూలో ఇంత చెప్పే టైం ఉండదు. ఒక్క ఫైలు ఎంచుకోండి, దాంట్లో ఎవరికి దెబ్బ తగిలిందో చెప్పండి, మీరైతే ఏం మార్చేవారో చెప్పండి. ట్రంప్‌ను తిట్టకండి, పొగడకండి. నేను బోర్డులో ఉంటే వెంటనే అడిగేది ఇదే: "మిమ్మల్ని చిత్తూరు కలెక్టర్‌గా వేస్తే, జూన్‌లో కోలారు లారీలు ఆపుతారా?"

నన్నే ఎవరైనా అడిగితే ఇలా చెబుతాను. జూన్‌లో ఆపను, ఏప్రిల్‌లో మాట్లాడతాను. పూత, పిందె చూస్తే దిగుబడి ఎంతో అప్పటికే తెలిసిపోతుంది. ఫ్యాక్టరీలు ఈ ఏడాది ఎన్ని టన్నులు ఆడతాయో, పాత గుజ్జు ఎంత ఉందో రాతపూర్వకంగా తీసుకుంటాను. ప్రభుత్వ సబ్సిడీ మన రైతు కాయకే, టోకెన్లలో మొదటి వరుసా ఆయనదే. కోలారు నుంచి ముందే మాట్లాడుకున్న కాయకు ఒక పరిమాణం కట్టి, ఆ సంగతి అక్కడి కలెక్టర్‌కు కాయ కోతకు ముందే తెలియజేస్తాను. ఎమ్మెల్యే ఫోన్ చేసి మొత్తం ఆపెయ్యమంటే, రేపు కృష్ణగిరి వైపు మన బెంగళూర లారీలను తమిళనాడు ఆపితే ఎవరికి ఫోన్ చేయాలో ముందు చెప్పమంటాను. అప్పటికీ వినకపోతే ఆ ఆదేశం రాసి ఇమ్మంటాను.